ఫోటోలే తీయని 12 మీటర్ల టెలిస్కోపా? ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి

డాబామీద_డాబ్
పోయిన ఆదివారం ఒక ఉపన్యాసానికి వెళ్లాను. ముప్పావుగంట విన్నా ఒక్క ముక్క మాత్రం తలకెక్కలేదు. దక్షిణార్ధగోళంలో 12 మీటర్ల అద్దంతో టెలిస్కోప్ కట్టాలని యూరప్ వాళ్లు ప్రతిపాదిస్తున్నారట. పేరు వైడ్‌ఫీల్డ్ స్పెక్ట్రోస్కోపిక్ టెలిస్కోప్, పొట్టిగా డబ్ల్యూఎస్‌టీ. బాగుంది. కానీ ఫోటోలు తీయడం దాని పని కాదట! రాత్రంతా స్పెక్ట్రమ్‌లే, ఏళ్ల తరబడి స్పెక్ట్రమ్‌లే.
ఉప్పల్‌లో మా డాబా మీద 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది. మా ఆకాశంలో దాంతో శని, గురుడు, ఓరియన్ నెబ్యులా చూస్తే ఆ రాత్రికి పండగే. హబుల్ అద్దం 2.4 మీటర్లే, అది పంపిన బొమ్మలు చూసే నేను ఈ పిచ్చిలో పడ్డాను. అలాంటిది 12 మీటర్ల అద్దం పెట్టి గీతలు చూసుకుంటారా? అడుగుదామని చెయ్యెత్తితే "టైమ్ అయిపోయింది, టీ తాగుదాం" అన్నారు. నా డౌట్ నాకే మిగిలింది.

మలక్‌పేట్_మామ
టీతో పాటు ఏం పెట్టిన్రు? అది చెప్పు ముందుగాల.

డాబామీద_డాబ్
ఉస్మానియా బిస్కెట్లు. రెండే.

మలక్‌పేట్_మామ
రెండా? గందుకే ఫోటోలు తీస్తలేరు, బడ్జెట్ లేదు.

రిటైర్డ్_లెక్చరర్
డాబ్ గారూ, మీ ఇంట్లో పెళ్లి గ్రూప్ ఫోటో ఒకటుంటుంది చూడండి. స్టేజీ మీద రెండొందల మంది. అందరి మొహాలూ కనిపిస్తాయి. వీళ్లలో ఎవరు ఎవరి తాలూకు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరి వయసెంత అంటే ఫోటో చెప్పదు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి "ఎవరి తాలూకండీ మీరు?" అని అడగాల్సిందే. ఆకాశంలో ఆ అడగడమే స్పెక్ట్రమ్.
వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యలో గీతలు కనిపిస్తాయి. ఏ గీత ఏ మూలకానిదో ల్యాబ్‌లో ముందే తెలుసు. హైడ్రోజన్ ఎర్ర గీత తరంగదైర్ఘ్యం 656.3 నానోమీటర్లు. గెలాక్సీ మన నుంచి దూరంగా జరుగుతుంటే గీతలన్నీ ఎర్రవైపు జరుగుతాయి, దీన్నే రెడ్‌షిఫ్ట్ అంటారు. ఎంత జరిగాయో చూస్తే ఎంత దూరమో తెలుస్తుంది. గీతల లోతు చూస్తే ఇనుమెంత, మెగ్నీషియం ఎంత. వెడల్పు చూస్తే లోపల నక్షత్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో. ఒకే వెలుగులో ఇన్ని ఉన్నాయి.
ఇప్పుడు చిలీలో రూబిన్ అబ్జర్వేటరీ మొదలైంది. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా. మొదటి బొమ్మలు 2025 జూన్‌లో వచ్చాయి. పదేళ్లలో దాదాపు 2,000 కోట్ల గెలాక్సీలు ఫోటోల్లోకి ఎక్కుతాయని అంచనా. అటు అరిజోనాలో డెసీ అనే పరికరం గెలాక్సీల స్పెక్ట్రమ్‌లు తీయడంలో ఇవాళ అందరికన్నా ముందుంది. దాని ఐదేళ్ల లక్ష్యం 4 కోట్లు. 2,000 కోట్లెక్కడ, 4 కోట్లెక్కడ? ఫోటోలకు కరువు లేదు, అడిగేవాళ్లకే కరువు.

హైటెక్_బాచి
మాస్టారూ, పెళ్లి ఉదాహరణ బాగుంది కానీ పాతది. ఇప్పుడు ఫోటో చూసి మొహం గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ ఉంది కదా. రూబిన్ ఆరు ఫిల్టర్లలో తీస్తుంది. ఆ ఆరు రంగుల్లో ఏది ఎంత ప్రకాశం అన్నది చూసి మెషిన్ లెర్నింగ్‌తో దూరం అంచనా వేస్తున్నారు. ఫోటోమెట్రిక్ రెడ్‌షిఫ్ట్ అంటారు. పని అయిపోతుంటే మళ్లీ వేల కోట్లు పెట్టి ఇంకో అద్దమెందుకు?

రిటైర్డ్_లెక్చరర్
బాచీ, ఆ మెషిన్‌కు నేర్పింది ఎవరు నాయనా? స్పెక్ట్రమ్‌తో దూరం తెలిసిన గెలాక్సీలే దానికి పాఠ్యపుస్తకం. మసక గెలాక్సీల పాఠాలు పుస్తకంలో లేకపోతే పరీక్షలో గుడ్డిగా ఏదో ఒకటి రాసేస్తుంది.
రెండోది, తప్పు ఎంతో లెక్కేద్దాం. మంచి ఫోటో అంచనాలో కూడా రెండు మూడు శాతం తప్పు మామూలే. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర, అంటే గీతలు సరిగ్గా రెట్టింపు తరంగదైర్ఘ్యానికి జరిగిన చోట, ఆ 3 శాతం తప్పును దూరంలోకి మార్చి చూడు. మన చూపు దిశలో దాదాపు 50 కోట్ల కాంతి సంవత్సరాలు అటూ ఇటూ అవుతుంది. గెలాక్సీలు విశ్వంలో పేర్చుకున్న తీరులో ఒక సహజమైన కొలబద్ద ఉంది. తొలి విశ్వంలో వేడి వాయువులో పాకిన ధ్వని తరంగాలు వదిలిన ముద్ర అది. దాని పొడవెంతో తెలుసా? దాదాపు 49 కోట్ల కాంతి సంవత్సరాలు. కొలబద్ద ఎంతో తప్పు కూడా అంతే ఉంటే దేన్ని కొలుస్తావు?

హైటెక్_బాచి
ఓకే, ఆ లెక్క కొట్టింది. ఒప్పుకుంటున్నా. సగం.

గుంటూరు_కోడలు
ఇన్ని పోస్టులు పడ్డా మా ఊరి పేరు ఎవరూ ఎత్తలేదేంటండీ? 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి స్పెక్ట్రోస్కోప్ పెట్టింది గుంటూరులోనే. సూర్యుడి అంచున లేచే మంటల్లో మెరిసే గీతలు చూశాడు. గ్రహణం లేకపోయినా మర్నాడు అవే గీతలు మళ్లీ పట్టుకోవచ్చని తెలుసుకుంది కూడా గుంటూరులోనే. హీలియం మా ఊరి సరుకు!

మలక్‌పేట్_మామ
అంటే మిర్చి తర్వాత హీలియం అన్నట్టు. ఘాటు ఎక్కువైతే బెలూన్‌లెక్క లేస్తరు.

సిటీకాలేజ్_పాతకాపు
కోడలు గారూ, కోపం తెచ్చుకోకండి, కొంచెం సరిచేస్తాను. ఆ రోజు ఆ హీలియం పసుపు గీతను చూసినవాళ్లు ఒకరు కాదు. మచిలీపట్నంలో పోగ్సన్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త కూడా చూశాడు. అప్పుడు చాలామంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్ నుంచి లాక్యర్ జాగ్రత్తగా కొలిస్తే సోడియం చోట లేదని తేలింది. సోడియం జంట గీతలు 589.0, 589.6. ఈ కొత్తది 587.6. తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. ఆ కాస్త తేడాలో ఒక మూలకం దాక్కుంది. భూమ్మీద హీలియం 1895లో గానీ రామ్సేకి దొరకలేదు.
డాబ్ అన్నా, "గీతలు చూసుకుంటారా" అన్నావు కదా, ఇదే నా జవాబు. ఆ రోజు ఎంత గొప్ప ఫోటో తీసినా మంటలు కనిపించేవి కానీ హీలియం కనిపించేది కాదు.

గుంటూరు_కోడలు
సరే, మచిలీపట్నానికి సగం వాటా ఇస్తాను. అంతకంటే తగ్గను.

స్ప్లైసింగ్_శీను
అన్నా నేను ఇంటర్నెట్ ఫైబర్ పని చేస్త, దిల్‌సుఖ్‌నగర్ సైడ్. మా కజిన్ గీ లింక్ పంపిండు, "మీ ఫైబర్ గురించే మాట్లాడుతున్నరు" అని. ఒక్క టెలిస్కోప్‌తోని వేల గెలాక్సీలను ఒకేసారి ఎట్ల చూస్తరు? నిజంగ ఫైబర్‌తోనేనా?

రిటైర్డ్_లెక్చరర్
నిజంగా ఫైబర్‌తోనే శీనూ. టెలిస్కోప్‌లో బొమ్మ పడే చోట ఒక్కో గెలాక్సీ వెలుగు ఎక్కడ పడుతుందో అక్కడ ఒక్కో ఫైబర్ కొస పెడతారు. ఇంకో కొస కింద గదిలో ఉన్న స్పెక్ట్రోగ్రాఫ్‌కు, అంటే వెలుగును రంగులుగా విడదీసే పరికరానికి పోతుంది. అమెరికా స్లోన్ సర్వేలో మొదట్లో అల్యూమినియం పళ్లేలకు 640 రంధ్రాలు వేసి, పగలంతా కూర్చుని చేత్తో ఒక్కో ఫైబర్ గుచ్చేవారు. రాత్రి ఆకాశంలో చోటు మారితే ఇంకో పళ్లెం. డెసీలో 5,000 చిన్న రోబోలు ఉన్నాయి. ఒక్కోదాని వేలికి ఒక్కో ఫైబర్. రెండు నిమిషాల లోపే అన్నీ కొత్త చోట్లకు జరిగిపోతాయి.

స్ప్లైసింగ్_శీను
చేత్తో 640? దండం సార్ వాళ్లకు. మేం 24 కోర్ల కేబుల్ తెగితే ఎండల రోడ్డు పక్కన కూసొని జాకెట్ తీసి, తుడిచి, క్లీవర్‌తోని కోసి, మిషన్‌ల పెట్టి, స్లీవ్ ఎక్కించే సరికి రెండు గంటలు. మధ్యల ఒకాయన వచ్చి "నెట్ ఎప్పుడొస్తది" అని నాలుగు సార్లు అడుగుతడు. మా ఫైబర్ కోర్ 9 మైక్రాన్లు. వాళ్లది ఎంత?

సిటీకాలేజ్_పాతకాపు
డెసీలో కోర్ 107 మైక్రాన్లు. మీదాని కంటే పదకొండు పన్నెండు రెట్లు లావు. టెలిస్కోప్ ముందు కొస నుంచి కింద గది దాకా సుమారు 50 మీటర్లు పోతుంది. నీకు నచ్చే ముచ్చట ఒకటి చెప్తా: రోబోల ఫైబర్‌ను పొడవాటి కేబుల్‌తో కలపడానికి వాళ్లు కూడా ఫ్యూజన్ స్ప్లైసింగే చేశారు. అక్షరాలా మీ పనే.

స్ప్లైసింగ్_శీను
ఏం మాట్లాడుతున్నవ్ అన్నా! లాస్ ఎంత వస్తది వాళ్లకు? మాకు 0.05 డీబీ దాటితే కోసి మళ్ల పెట్టాలె.

సిటీకాలేజ్_పాతకాపు
వాళ్లకు లాస్ ఒక్కటే కాదు తలనొప్పి. ఫైబర్ ఎక్కడన్నా నొక్కుకుపోయినా, గట్టిగా వంగినా లోపలికి సన్నగా వెళ్లిన వెలుగు అవతల వెడల్పుగా విచ్చుకుని వస్తుంది. అలా విచ్చుకున్నది స్పెక్ట్రోగ్రాఫ్ లెన్స్ అంచు దాటితే పోయినట్టే. 1,000 కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు ఆఖరి 50 మీటర్లలో పోతే ఎంత కడుపుమంట!

మలక్‌పేట్_మామ
మా గల్లీల నెట్ గూడ గంతే. అమెరికా కెళ్లి వస్తది, ఆఖరి స్తంభం కాడ పోతది.

నింబోలిఅడ్డ_నీల
పెద్దవాళ్లందరూ ఒక ఇబ్బంది చెప్పకుండా దాటేస్తున్నారు. రోబోలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి దగ్గర దగ్గరగా ఉన్న రెండు గెలాక్సీల మీద ఒకేసారి ఫైబర్లు పెట్టలేం, గుద్దుకుంటాయి. గెలాక్సీ గుంపుల్లో అసలు గమ్మత్తంతా దగ్గరగా ఉన్నవాటిలోనే ఉంటుంది. అదే చోటికి మళ్లీ మళ్లీ రావాలి. టైమ్ తింటుంది. సర్వే చేసేవాళ్లకు ఇది రోజువారీ గొడవ.

హైటెక్_బాచి
ఎట్టకేలకు నా పక్షాన ఒకరు.

నింబోలిఅడ్డ_నీల
మీ పక్షం కాదండీ. అందుకే సర్వేకే అంకితమైన టెలిస్కోప్ కావాలంటున్నా. అద్దెకు తీసుకున్న టెలిస్కోప్‌లో నాలుగు రాత్రులిచ్చి పొమ్మంటారు, మళ్లీ మళ్లీ ఎక్కడొస్తాం?

డాబామీద_డాబ్
ఆగండి ఆగండి. స్పెక్ట్రమ్ కావాలని ఒప్పుకున్నా. డెసీది 4 మీటర్ల అద్దం. అది పని చేస్తోందిగా? అలాంటివి ఇంకో నాలుగు కట్టుకోక 12 మీటర్లు దేనికి? పోనీ పెద్దదే కావాలంటే 30 మీటర్ల టీఎమ్‌టీలో మన దేశానికి వాటా ఉంది, యూరప్‌కు 39 మీటర్ల ఈఎల్‌టీ కడుతున్నారు. వాటికి తగిలించొచ్చు కదా?

రిటైర్డ్_లెక్చరర్
ఈఎల్‌టీ చూపు ఎంతో తెలుసా? చందమామ వెడల్పులో మూడో వంతు. నూతిలోంచి ఆకాశం చూసినట్టు. మహా లోతు, కానీ సన్నం. ఒక్క గెలాక్సీని పట్టుకుని పీకి పాకం పెట్టడానికి అది. జనాభా లెక్కలకు కాదు.
డబ్ల్యూఎస్‌టీ ప్రతిపాదనలో చూపు 3 చదరపు డిగ్రీలు, అంటే చందమామలు పదిహేను పక్కపక్కన పరిస్తే ఎంతో అంత. అందులో 20,000కి పైగా ఫైబర్లు.
4 మీటర్లవి నాలుగు కడితే? మసక గెలాక్సీ మసకగానే ఉంటుంది. ఆకాశానికి కూడా సొంత వెలుగు ఉంటుంది, ఆ రొదలోంచి గీత పైకి తేలాలంటే ఒక్కోదాని నుంచి ఎక్కువ వెలుగు పోగవ్వాలి. 12 మీటర్లది 4 మీటర్ల దానికి తొమ్మిది రెట్లు పడుతుంది.

హైటెక్_బాచి
తొమ్మిది రెట్లు వెలుగు, నాలుగు రెట్లు ఫైబర్లు. 36 రెట్లు. ఇది అమ్మే పద్ధతి, ముందే ఇలా చెప్పొచ్చుగా.

నింబోలిఅడ్డ_నీల
అంత తేలిగ్గా గుణించేయకండి. డెసీ చూపు 8 చదరపు డిగ్రీలు, దీనిది 3. ఆకాశమంతా తుడవాలంటే డెసీకే అడుగు పెద్దది. దీని బలం సాంద్రతలో ఉంది. డెసీకి చదరపు డిగ్రీకి 600 పైచిలుకు ఫైబర్లు, దీనికి 6,600 పైచిలుకు. మసకగా పోయే కొద్దీ ఒకే చోట గెలాక్సీలు ఎక్కువ అవుతాయి కాబట్టి ఈ సాంద్రత అక్కరకొస్తుంది.
ఇంకోటి, డాబ్ అన్నా, "ఫోటోలు తీయదు" అనేది కూడా పూర్తి నిజం కాదు. ఫైబర్లతో పాటు మధ్యలో 3 ఆర్క్‌మినిట్ల (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చదరంలో ఇంటిగ్రల్ ఫీల్డ్ స్పెక్ట్రోగ్రాఫ్ పెడతారట, రెండూ ఒకేసారి పని చేసేలా. అందులో బొమ్మలోని ప్రతి చుక్కకూ ఒక స్పెక్ట్రమ్ వస్తుంది. ఇప్పుడు చిలీలో వీఎల్‌టీ టెలిస్కోప్ మీద ఉన్న మ్యూజ్ పరికరం ఇలాంటిదే, దాని చదరం 1 ఆర్క్‌మినిట్. అంటే వైశాల్యంలో తొమ్మిదింతలు. ఫోటో కావాలంటే ఆ డేటాలోంచి మీకు ఇష్టమైన రంగులో ఒక పొర ఊడదీసుకోండి.

డాబామీద_డాబ్
అంటే నా టైటిలే తప్పా? ఎడిట్ చేయాలా?

మలక్‌పేట్_మామ
వద్దు. తప్పు టైటిల్ ఉంటేనే జనం వస్తరు.

సిటీకాలేజ్_పాతకాపు
నేను కొంచెం వేరే పాట పాడతాను. హైదరాబాదీలం కాబట్టి ఈ కథ మనకు తెలియాలి. 1887లో పారిస్‌లో కూర్చుని ప్రపంచంలోని ఇరవై అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి, ఫోటో ప్లేట్ల మీద మొత్తం ఆకాశపు జాబితా తయారు చేయాలని. చిలీలోని శాంటియాగోకి కేటాయించిన పట్టీ అక్కడ జరగకపోతే ఎక్కడికొచ్చిందో తెలుసా? మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీకి. దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఫోటోలు తీసే టెలిస్కోప్‌తో ప్లేట్లు తీసి, ఒక్కో చుక్కనూ కంటితో కొలిచి పుస్తకాలకెక్కించారు. అది చాలక తర్వాత ఉత్తరాన ఇంకో పట్టీ కూడా నెత్తినేసుకున్నారు.
దీని మీద చరిత్రకారుల విమర్శ ఏంటంటే, ఆ దశాబ్దాలన్నీ యూరప్ అబ్జర్వేటరీలు ఈ గాడిదచాకిరీలో ఇరుక్కుంటే అమెరికా వాళ్లు పెద్ద అద్దాలతో కొత్త భౌతికశాస్త్రం వైపు పరుగెత్తారు. అంకితమైన సర్వే అంటే ఈ ముప్పు కూడా ఉంది. పాతికేళ్లకు ప్లాన్ వేస్తాం, పదేళ్లలో ప్రశ్నే మారిపోతుంది.

రిటైర్డ్_లెక్చరర్
పాతకాపు గారూ, కథ సగంలో ఆపేశారు. మిగతాది నేను చెప్తాను. 1989లో హిప్పార్కస్ ఉపగ్రహం ఎగిరింది. నక్షత్రాలు ఎంత మెల్లగా జరుగుతున్నాయో తెలియాలంటే ఒక పాత స్థానం, ఒక కొత్త స్థానం కావాలి, మధ్యలో వీలైనంత పెద్ద ఎడం. ఆ పాత స్థానాలు ఎక్కడ దొరికాయి? మీరు గాడిదచాకిరీ అన్న ఆ ప్లేట్లలోనే. 2000లో వచ్చిన టైకో-2 జాబితాలో 25 లక్షల నక్షత్రాల కదలికలు వాటి ఆసరాతోనే లెక్కగట్టారు. బేగంపేటలో కళ్లు కాయలు కాసేలా కొలిచినవాళ్లు ఉపగ్రహం అనే మాట కూడా విని ఉండరు.

సిటీకాలేజ్_పాతకాపు
ఆ ముక్క తెలిసే ఆపాను, ఎవరో ఒకరు అందుకుంటారని. కానీ నా భయం నాకుంది మాస్టారూ. వందేళ్ల తర్వాత పనికొస్తుందని చెప్పి ఏ ఆర్థిక శాఖ దగ్గరా డబ్బులు రావు.

నింబోలిఅడ్డ_నీల
వందేళ్లు అక్కర్లేదు, ఇప్పటి ఉదాహరణే ఉంది. డెసీ 2024లో ఒక ఏడాది డేటా ఫలితాలు, 2025 మార్చిలో మూడేళ్ల డేటా ఫలితాలు బయటపెట్టింది. దాదాపు కోటిన్నర గెలాక్సీలు, క్వేజార్లు (విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలు). మాస్టారు చెప్పిన ఆ కొలబద్దతోనే కొలిచారు. విశ్వం వేగవేగంగా విస్తరించడానికి కారణం అనుకునే డార్క్ ఎనర్జీ ఎప్పుడూ ఒకేలా ఉంటుందని ఇన్నాళ్లూ పుస్తకాల్లో రాసుకున్నాం. కాలంతో పాటు బలహీనపడుతోందేమో అన్న సూచన కనిపించింది. ఏ సూపర్నోవా (పేలిన నక్షత్రాల) డేటాతో కలిపి చూస్తారన్న దాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా. సిగ్మా ఎంత ఎక్కువైతే అది కాకతాళీయం అయ్యే అవకాశం అంత తక్కువ.

హైటెక్_బాచి
5 సిగ్మా రానిదే కనుగొన్నట్టు కాదు. మీరే చెప్తారు కదా ఎప్పుడూ.

నింబోలిఅడ్డ_నీల
అవును, కాదు. నేనూ నమ్మేశానని చెప్పలేదు. తేల్చాలంటే ఇంకా వెనక్కి, రెడ్‌షిఫ్ట్ 2 నుంచి 5 దాకా ఉన్న మసక గెలాక్సీలను కోట్లలో కొలవాలి. అక్కడే 4 మీటర్ల అద్దాలు చేతులెత్తేస్తాయి.

గుంటూరు_కోడలు
దూరాల గొడవ అలా ఉంచండి. మన పాలపుంత సంగతేంటి? మా అబ్బాయి గైయా గైయా అంటుంటాడు.

రిటైర్డ్_లెక్చరర్
గైయా ఉపగ్రహం దాదాపు 200 కోట్ల నక్షత్రాల స్థానాలు కొలిచిందమ్మా. అడ్డంగా ఎటు జరుగుతున్నాయో చెప్పింది. మన వైపుకి వస్తున్నాయా, పోతున్నాయా అనే వేగం మాత్రం స్పెక్ట్రమ్‌తోనే తెలుస్తుంది, అది 2022 జాబితాలో 3.3 కోట్లకే ఉంది, అదీ ప్రకాశవంతమైనవాటికే. 2018లో ఒక సంగతి బయటపడింది. దాదాపు 1,000 కోట్ల ఏళ్ల కిందట ఒక గెలాక్సీ వచ్చి మన పాలపుంతలో కలిసిపోయింది. దాని నక్షత్రాలు ఇప్పటికీ వేరే దారుల్లో తిరుగుతున్నాయి, వాటి రసాయనం కూడా వేరే. కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా యాస మారలేదన్నమాట.

గుంటూరు_కోడలు
నాకూ మారలేదుగా, పాతికేళ్లుగా హైదరాబాద్‌లోనే ఉన్నా!

మలక్‌పేట్_మామ
అంటే నక్షత్రాలకు గోత్రాలు చూస్తరన్నట్టు.

నింబోలిఅడ్డ_నీల
మామా, నవ్వులాటకన్నా అచ్చంగా అదే. ఒకే వాయుమేఘంలో పుట్టిన నక్షత్రాలన్నిటికీ ఒకే రసాయన గోత్రం ఉంటుంది, దాన్ని బట్టి చెల్లాచెదురైన అన్నదమ్ముల్ని వెతకొచ్చని ఆశ. కెమికల్ ట్యాగింగ్ అంటారు. నిజం చెప్పాలంటే అనుకున్నంత సాగలేదు. వేరే వేరే మేఘాల్లో పుట్టినవి కూడా మరీ ఒకేలా ఉంటున్నాయి. గోత్రాలు తక్కువ, మనుషులెక్కువ. గీతల్ని ఇంకా సన్నగా విడదీసి, ఇంకా ఎక్కువ మూలకాలు చూస్తే తేలొచ్చు. ఈ ప్రతిపాదనలో 40,000 రిజల్యూషన్‌తో ఒక పద్ధతి పెట్టింది అందుకే.

దూల్‌పేట్_పతంగి
నేను ఇప్పటిదాకా చదువుతూనే ఉన్నా. నాది ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ఒక మాట చెప్పాలనిపించింది. ప్రాజెక్టుకు ఆస్ట్రానమీ అంటే మా కాలేజీలో ఒప్పుకోలేదు, "టెలిస్కోప్ ఎక్కడుంది మనకు?" అన్నారు. డెసీ డేటా 2025 మార్చిలో అందరికీ ఫ్రీగా పెట్టారు కదా, దాన్ని ల్యాప్‌టాప్‌లో దించుకున్నా. హాస్టల్ వైఫై కాబట్టి చిన్న ముక్కే.
మూడు రాత్రులు చెత్త తప్ప ఏం కనపడలేదు. గీత దొరికిందని ఎగిరితే అది మన భూవాతావరణం వెలుగు సరిగ్గా తీసేయక మిగిలిన మరక. నాలుగో రాత్రి రెండింటికి ఒక స్పెక్ట్రమ్ తెరిచా. అంతా గరుకు గరుకుగా ఉంది, 745 నానోమీటర్ల దగ్గర మాత్రం ఒక బొడిపె. జూమ్ చేస్తే అది ఒకటి కాదు, రెండు. ఒకదానికొకటి ఆనుకుని, సగం మీటర్ స్కేల్ మీద మిల్లీమీటర్ కూడా లేనంత ఎడం. ఆక్సిజన్ జంట గీత. ల్యాబ్‌లో 372.6, 372.9 దగ్గర ఉండాల్సింది సరిగ్గా రెట్టింపు చోటికి వచ్చి కూర్చుంది. రెడ్‌షిఫ్ట్ 1. సూర్యుడు, భూమి పుట్టకముందు బయల్దేరిన వెలుగు. రూమ్మేట్‌ని లేపి చూపిస్తే "ఏముంది ఇందులో, రెండు చెవులు" అని మళ్లీ పడుకున్నాడు.

డాబామీద_డాబ్
తమ్ముడూ, ఆ చెవుల స్క్రీన్‌షాట్ పెట్టు. ప్రింట్ తీసి గోడకంటిస్తా.

హైటెక్_బాచి
బ్రో, కోడ్ దేంట్లో రాశావ్? పైథాన్ అయితే చూపించు, ఫైళ్లు దించే స్క్రిప్ట్ నేను ఫాస్ట్ చేసిస్తా. ఈ టాపిక్‌లో ఇంకేం వాదించను, నా సగం కూడా తీసేసుకోండి.

సిటీకాలేజ్_పాతకాపు
పతంగీ, "టెలిస్కోప్ ఎక్కడుంది" అన్నవాళ్లకు వైను బప్పు సంగతి చెప్పు. ఆయన నాన్నగారు నిజామియాలో పనిచేసేవారు, ఈయన చదివింది నిజాం కాలేజీ. 1957లో విల్సన్‌తో కలిసి చెప్పింది స్పెక్ట్రమ్ ముచ్చటే. నక్షత్రంలో కాల్షియం కె గీత మధ్యలో మెరిసే భాగం వెడల్పు చూస్తే దాని అసలు ప్రకాశం తెలుస్తుందని. ఒక్క గీత వెడల్పు, అంతే. ఈ ఊరి కుర్రాడే.

రిటైర్డ్_లెక్చరర్
ఒకటి మర్చిపోయాం. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలు అందాయి. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. ఆ వెలుగు రోజురోజుకీ రంగు మారుతూ చల్లారిపోయింది. అప్పటి స్పెక్ట్రమ్‌లు ఉండబట్టే 2019లో అందులో స్ట్రాన్షియం గుర్తుపట్టారు. బరువైన మూలకాలు అక్కడ తయారవుతాయనడానికి సాక్ష్యం దొరికింది. ఆకాశంలో ఏదో మారిందని చెప్పే అలర్ట్‌లు రూబిన్ నుంచి రాత్రికి సుమారు కోటి వస్తాయని లెక్క. అందులో ఇలాంటిది ఏదో తేల్చాలంటే, ఆ వెలుగు ఆరేలోపు ఎవరో ఒకరు స్పెక్ట్రమ్ తీయాలి. డబ్ల్యూఎస్‌టీ వేల ఫైబర్లలో నాలుగు వీటికి కేటాయించినా చాలు.

స్ప్లైసింగ్_శీను
సార్, గీ గీతలు నేను ఇంట్ల చూడొచ్చా? మా బిడ్డ ఏడో తరగతి. నిన్నటి సంది అడుగుతోంది.

నింబోలిఅడ్డ_నీల
చూడొచ్చు అన్నా. పాత డీవీడీ ఉందా? సీడీ కంటే డీవీడీ నయం, దాని గాళ్లు ఇంకా దగ్గరగా ఉంటాయి కాబట్టి రంగులు ఎక్కువ విచ్చుకుంటాయి. అంచున బ్లేడు పెట్టి రెండు పొరలు విడదీయండి, పారదర్శకంగా ఉన్న పొరలోంచి ఓ ముక్క కత్తిరించండి. అగరొత్తుల డబ్బా ఒక కొసన రెండు బ్లేడులు దగ్గరగా అంటించి సన్న సందు చేయండి, ఇంకో కొసన డీవీడీ ముక్క. పాతకాలం ట్యూబ్‌లైట్ వైపు పట్టండి, ఆకుపచ్చ గీత సూదిలా కనిపిస్తుంది. అది పాదరసం, 546 నానోమీటర్లు. ఎల్ఈడీ వైపు పడితే అలాంటి గీతలుండవు, నీలం ఒక ముద్ద, మిగతాదంతా ఎడం లేకుండా పరుచుకున్న రంగులే. సూర్యుడి వైపు మాత్రం పట్టొద్దు, పాప చేతికిచ్చేముందు ఇది గట్టిగా చెప్పండి.

డాబామీద_డాబ్
ఇది చదివి నేనూ చేశా. అగరొత్తుల డబ్బా దొరక్క టూత్‌పేస్ట్ డబ్బా. బ్లేడు సందు మొదట లావైపోయి గీతలన్నీ అలుక్కుపోయాయి. రెండోసారి సన్నగా పెడితే మెట్ల దగ్గర పాత ట్యూబ్‌లైట్‌లో ఆకుపచ్చ గీత, పక్కన నీలం గీత వచ్చాయి. మా ఆవిడ వచ్చి "మెట్ల మీద డబ్బా పెట్టుకుని ఏం చూస్తున్నారు" అంటే "పాదరసం" అన్నా. ఆవిడ వంటింట్లోకి వెళ్లి లైటు వేసి "ఇందులో ఏముందో చూడండి" అంది. ఎల్ఈడీ, ముద్ద.
మా వీధిలో ఒకే ఒక్క పాత పసుపు సోడియం దీపం మిగిలింది, నాలా పక్కన. రాత్రి దాని కిందికి పోతా. శీనూ, నువ్వూ పాపను తీసుకుని వస్తావా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎంత దూరం.

స్ప్లైసింగ్_శీను
వస్తం అన్నా. ఎనిమిదింటికి ఒక కంప్లైంట్ ఉంది, అది చూసుకొని తొమ్మిదికి. మిషన్ గూడ బండి మీదనే ఉంటది, ఫైబర్ ఎట్ల కలుపుతరో మీకు చూపిస్త.

మలక్‌పేట్_మామ
ఉస్మానియా బిస్కెట్లు నేను తెస్త. రెండు గాదు, డబ్బా.